గర్భధారణలో థైరాయిడ్ స్వయంప్రతిరక్షకత

గర్భధారణలో థైరాయిడ్ స్వయంప్రతిరక్షకత అనగా గర్భిణి శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ తన సొంత థైరాయిడ్ గ్రంథినే పరాయి వస్తువుగా భావించి, దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారుచేసే స్థితి. తెలుగు శాస్త్ర గ్రంథాలలో ఈ గ్రంథిని అవటు గ్రంథి అని కూడా వ్రాస్తారు. వివిధ దేశాలలో జరిగిన సర్వేల ప్రకారం గర్భిణులలో 2 నుండి 17 శాతం మందిలో ఈ ప్రతిరక్షకాలు కనిపిస్తాయి. వీరిలో చాలామందికి గ్రంథి పని సక్రమంగానే ఉంటుంది, ఏ బాధా ఉండదు, ఆరోగ్యవంతమైన బిడ్డ పుడుతుంది. కొందరిలో మాత్రం గర్భధారణ సమయంలో పెరిగే అవసరాన్ని గ్రంథి తీర్చలేకపోతుంది. మరికొందరిలో ప్రసవమైన కొద్ది నెలలకు గ్రంథికి వాపు వస్తుంది.

రక్తంలో ప్రతిరక్షకాలు ఉండటం, థైరాయిడ్ వ్యాధి ఉండటం ఒకటి కావు. ఈ భేదం తెలియకపోవటం వలన రెండు విధాల నష్టం జరుగుతుంది. వ్యాధి లేనివారు భయపడి అనవసరంగా మందులు వాడతారు. నిజంగా హార్మోను లోపం ఉన్నవారు, కడుపులోని బిడ్డకు హాని జరుగుతుందేమోనన్న అనుమానంతో, అవసరమైన మాత్రను మానివేస్తారు.

థైరాయిడ్ గ్రంథి, దాని పని

థైరాయిడ్ గ్రంథి మెడ ముందు భాగంలో, శ్వాసనాళానికి ఆనుకొని, సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. మనం తిన్న ఆహారంలోని అయోడిన్‌ను గ్రహించి థైరాక్సిన్ (టి4), ట్రైఅయొడోథైరొనిన్ (టి3) అనే రెండు హార్మోన్లను ఈ గ్రంథి తయారుచేస్తుంది. శరీరంలో శక్తి వినియోగం, గుండె వేగం, ఎదుగుదల, మెదడు వికాసం వీటిపై ఆధారపడి ఉంటాయి.

ఈ గ్రంథిని అదుపులో ఉంచేది మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి. అది విడుదలచేసే హార్మోనును టి.ఎస్.హెచ్. అంటారు. రక్తంలో థైరాక్సిన్ తగ్గితే పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్.ను పెంచి థైరాయిడ్‌ను ప్రేరేపిస్తుంది. థైరాక్సిన్ ఎక్కువైతే టి.ఎస్.హెచ్.ను తగ్గిస్తుంది. కనుక రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. ఎక్కువగా ఉంటే సాధారణంగా థైరాయిడ్ మందకొడిగా పనిచేస్తున్నదని, తక్కువగా ఉంటే అతిగా పనిచేస్తున్నదని అర్థం. విద్యార్థులు తరచుగా దీనిని తారుమారుగా గుర్తుంచుకుంటారు. టి.ఎస్.హెచ్. అనేది థైరాయిడ్ తయారుచేసే వస్తువు కాదు, థైరాయిడ్‌కు అందే ఆజ్ఞ అని గుర్తుంచుకుంటే ఈ పొరపాటు జరగదు.

ప్రతిరక్షకాలలో రకాలు

ప్రతిరక్షకాలు అనేవి రోగక్రిములను గుర్తించి పట్టుకోవటానికి శరీరం తయారుచేసుకునే మాంసకృత్తులు. థైరాయిడ్‌కు సంబంధించి మూడు రకాల స్వయంప్రతిరక్షకాలు ముఖ్యమైనవి.

* టి.పి.ఓ. ప్రతిరక్షకాలు: థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనేది హార్మోను తయారీలో తోడ్పడే ఎంజైము. దానికి వ్యతిరేకంగా పుట్టేవి ఇవి. గర్భిణులలో ఎక్కువగా కనిపించేవి, అధ్యయనాలలో ఎక్కువగా కొలిచేవి ఇవే.
* థైరోగ్లోబులిన్ ప్రతిరక్షకాలు: గ్రంథిలో హార్మోను తయారయ్యేది, నిలువ ఉండేది థైరోగ్లోబులిన్ అనే మాంసకృత్తుపైన. దానికి వ్యతిరేకంగా పుట్టేవి ఇవి.
* టి.ఎస్.హెచ్. గ్రాహక ప్రతిరక్షకాలు: థైరాయిడ్ కణాలపై టి.ఎస్.హెచ్. వచ్చి అతుక్కునే స్థానాన్ని గ్రాహకం అంటారు. ఈ ప్రతిరక్షకాలు ఆ స్థానంలో అతుక్కొని, చాలా సందర్భాలలో గ్రంథిని విరామం లేకుండా పనిచేయిస్తాయి. గ్రేవ్స్ వ్యాధికి మూలం ఇవే.

మొదటి రెండు రకాలు హషిమోటో వ్యాధిలో ప్రధానంగా కనిపిస్తాయి. గ్రంథిలోకి లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు చేరి, ఏళ్ళ తరబడి నెమ్మదిగా కణజాలాన్ని దెబ్బతీస్తున్నాయనటానికి ఈ ప్రతిరక్షకాలు ఆనవాళ్ళు. నష్టం చేసే పనిలో ప్రధాన పాత్ర ఆ కణాలది. ప్రతిరక్షకాలు ఎక్కువ భాగం సాక్షుల వంటివి. ఇందుకు భిన్నంగా, మూడవ రకం ప్రతిరక్షకాలు తామే స్వయంగా వ్యాధిని కలిగిస్తాయి. గర్భధారణలో ఈ తేడా చాలా ముఖ్యం.

స్వయంప్రతిరక్షక వ్యాధులు పురుషులలో కంటే స్త్రీలలో ఎక్కువ. కుటుంబంలో ఎవరికైనా థైరాయిడ్ వ్యాధి ఉండటం, ఒకటవ రకం మధుమేహం వంటి ఇతర స్వయంప్రతిరక్షక వ్యాధులు ఉండటం ఈ అవకాశాన్ని పెంచుతాయి.

చరిత్ర

1912లో జపాన్‌కు చెందిన యువ శస్త్రవైద్యుడు హకరు హషిమోటో, నలుగురు స్త్రీల నుండి తీసిన థైరాయిడ్ గ్రంథులను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, వాటి నిండా లింఫోసైట్లు చేరి ఉన్నాయని ఒక జర్మన్ వైద్య పత్రికలో ప్రకటించాడు. అవి అక్కడికి ఎందుకు చేరాయో అప్పటికి ఎవరికీ తెలియదు. శరీరం తనపై తాను దాడిచేసుకోదనేది ఆ కాలపు గట్టి నమ్మకం. జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ఇరవయ్యవ శతాబ్దపు తొలి రోజులలో ప్రతిపాదించిన భావన ఇది.

1956వ సంవత్సరంలో ఈ నమ్మకం సడలింది. అమెరికాలోని బఫెలోలో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ కుందేళ్ళకు కుందేలు థైరాయిడ్ సారాన్నే ఎక్కించి, వాటిలో సొంత గ్రంథికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు పుట్టటం, గ్రంథి వాయటం చూపించారు. అదే సంవత్సరం లండన్‌లో ఐవాన్ రాయిట్, డెబొరా డోనియక్, వారి సహచరులు హషిమోటో వ్యాధిగ్రస్తుల రక్తంలో థైరోగ్లోబులిన్ ప్రతిరక్షకాలను కనుగొన్నారు. న్యూజీలాండ్‌లో డంకన్ ఆడమ్స్, హెర్బర్ట్ పర్వెస్ గ్రేవ్స్ రోగుల రక్తంలో థైరాయిడ్‌ను చాలాసేపు ప్రేరేపించే పదార్థం ఒకటి ఉన్నదని గుర్తించినదీ ఆ ఏడే. తరువాతి కాలంలో అది కూడా ప్రతిరక్షకమేనని తేలింది.

గర్భధారణతో ఈ విషయానికి గల సంబంధం వేరే దారిలో వెలుగులోకి వచ్చింది. 1948లో న్యూజీలాండ్‌కు చెందిన రాబర్టన్ అనే వైద్యుడు, ప్రసవం తరువాత నీరసం, చలి, జుట్టు రాలటం వంటి బాధలతో వచ్చిన స్త్రీలకు థైరాయిడ్ సారం ఇస్తే నయమైందని వ్రాశాడు. 1982లో జపాన్‌లో నొబుయుకి అమినో బృందం ఈ ప్రసవానంతర థైరాయిడ్ వాపు అరుదైనది కాదని నిరూపించింది. 1990లో అమెరికాలో అలెక్స్ స్టాగ్నారో-గ్రీన్ బృందం 552 మంది గర్భిణులను పరిశీలించి, ప్రతిరక్షకాలు ఉన్నవారిలో 17 శాతం మందికి, లేనివారిలో 8.4 శాతం మందికి గర్భస్రావం జరిగిందని ప్రకటించింది. గత మూడు దశాబ్దాలకు పైగా ఈ రంగంలో జరిగిన పరిశోధనలకు ఈ పరిశీలనే ప్రారంభం.

గర్భధారణలో థైరాయిడ్‌పై పడే భారం

గర్భం దాల్చగానే థైరాయిడ్‌కు పని పెరుగుతుంది. ఇందుకు కారణాలు ఇవి:

* ఈస్ట్రోజెన్ హార్మోను పెరగటం వలన రక్తంలో థైరాక్సిన్‌ను మోసుకుపోయే మాంసకృత్తు అధికమవుతుంది. దానిని నింపటానికి మరింత థైరాక్సిన్ కావాలి. గర్భం సగానికి వచ్చేసరికి రక్తంలోని మొత్తం థైరాక్సిన్ సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది.
* మూత్రం ద్వారా అయోడిన్ ఎక్కువగా పోతుంది. కొంత అయోడిన్ బిడ్డకు చేరుతుంది.
* మాయ కూడా కొంత థైరాయిడ్ హార్మోనును విచ్ఛిన్నం చేస్తుంది.
* బిడ్డ సొంత థైరాయిడ్ 10–12 వారాల నుండి అయోడిన్‌ను గ్రహించటం మొదలుపెట్టినా, తగినంత హార్మోను తయారుచేయగలిగేది 18–20 వారాలకు. అంతవరకు బిడ్డ మెదడు తల్లి నుండి వచ్చే థైరాక్సిన్ మీదే ఆధారపడుతుంది.

సగం పూడిన బావి ఇంట్లో రోజువారీ వాడకానికి సరిపోతుంది. ఆ ఇంట్లో పెళ్ళి జరిగే రోజున మాత్రం నీళ్ళు చాలవు. హషిమోటో వాపు కొంత మేర ఉన్న థైరాయిడ్ కూడా ఇటువంటిదే. మామూలు రోజులలో లోపం బయటపడదు, గర్భం వచ్చినపుడు టి.ఎస్.హెచ్. పెరగటం ద్వారా బయటపడుతుంది. ప్రతిరక్షకాలు ఉన్న గర్భిణులకు తరచుగా టి.ఎస్.హెచ్. పరీక్ష చేయమనటానికి కారణం ఇదే.

వేవిళ్ళ కాలంలో మరొక మార్పు ఉంటుంది. గర్భాన్ని నిలిపే హెచ్.సి.జి. అనే హార్మోను నిర్మాణంలో టి.ఎస్.హెచ్.ను పోలి ఉంటుంది. అందువలన అది కూడా థైరాయిడ్‌ను కొంత ప్రేరేపిస్తుంది, తత్ఫలితంగా మొదటి మూడు నెలలలో టి.ఎస్.హెచ్. సహజంగానే తగ్గుతుంది. వాంతులు ఎక్కువగా ఉన్నవారిలో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. దీనిని గ్రేవ్స్ వ్యాధిగా పొరబడకూడదు. ఇది తాత్కాలికం, సాధారణంగా గర్భం సగానికి వచ్చేసరికి సర్దుకుంటుంది.

ఇంకొక విశేషం ఏమిటంటే, బిడ్డలో సగం తండ్రి అంశ ఉంటుంది కనుక తల్లి రోగనిరోధక వ్యవస్థ గర్భకాలంలో కొంత సహనం వహిస్తుంది. అందువలన నెలలు గడిచేకొద్దీ ప్రతిరక్షకాల పరిమాణం తగ్గుతుంది. ప్రసవం తరువాత ఆ సహనం తొలగిపోయి అవి మళ్ళీ పెరుగుతాయి.

గర్భంపై ప్రభావం

గర్భస్రావం, నెలలు నిండని కాన్పు

1990 తరువాత అనేక దేశాలలో జరిగిన పరిశీలనలు, ప్రతిరక్షకాలు ఉన్న స్త్రీలలో గర్భస్రావం ఎక్కువని చూపించాయి. 2011లో ఇటువంటి అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో గర్భస్రావంతోను, నెలలు నిండకముందే జరిగే కాన్పుతోను సంబంధం కనబడింది. 2019లో 19 అధ్యయనాల నుండి 47,045 మంది గర్భిణుల వివరాలను క్రోడీకరించినపుడు, నెలలు నిండని కాన్పులు టి.పి.ఓ. ప్రతిరక్షకాలు ఉన్నవారిలో 6.6 శాతం, లేనివారిలో 4.9 శాతం ఉన్నాయి. తేడా నిజమే కాని, ప్రతిరక్షకాలు ఉన్నవారిలో కూడా నూటికి తొంభై ముగ్గురికి నెలలు నిండే కాన్పు జరిగింది.

రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకదానికి మరొకటి కారణమని చెప్పలేము. ప్రతిరక్షకాలు ఉన్న స్త్రీల వయస్సు సగటున కొంచెం ఎక్కువ. వయస్సు పెరిగితే గర్భస్రావం అవకాశం పెరుగుతుంది. వారి టి.ఎస్.హెచ్. కూడా, సాధారణ పరిధిలోనే అయినా, కొంచెం పైన ఉంటుంది. రోగనిరోధక వ్యవస్థలోని మరేదో తేడాకు ప్రతిరక్షకాలు గుర్తు మాత్రమే కావచ్చు. అసలు కారణం వీటిలో ఏది అన్నది ఇంకా పరిశోధనలోనే ఉన్నది.

బిడ్డ మేధస్సు

తల్లికి తీవ్రమైన హార్మోను లోపం ఉండి చికిత్స జరగకపోతే బిడ్డ మెదడు ఎదుగుదలపై ప్రభావం పడవచ్చు. 1999లో అమెరికాలో జేమ్స్ హాడో బృందం, గర్భకాలంలో లోపానికి చికిత్స పొందని 48 మంది స్త్రీల పిల్లలను 7–9 ఏళ్ళ వయస్సులో పరీక్షించి, వారి ప్రజ్ఞా సూచిక ఇతర పిల్లల కంటే సగటున 7 పాయింట్లు తక్కువగా ఉన్నదని తెలిపింది. ఈ ఫలితం హార్మోను లోపానికి సంబంధించినది, కేవలం ప్రతిరక్షకాలు ఉండటానికి సంబంధించినది కాదు.

స్వల్ప లోపాన్ని గర్భకాలంలో కనిపెట్టి మందు ఇస్తే పిల్లల మేధస్సు మెరుగవుతుందా అన్న ప్రశ్నకు 2012లో బ్రిటన్, ఇటలీ దేశాలలో 21,846 మంది గర్భిణులతో జరిగిన అధ్యయనం, 2017లో అమెరికాలో వెలువడిన మరొక అధ్యయనం సమాధానం వెదికాయి. రెండింటిలోనూ మందు వలన తేడా కనబడలేదు. అయితే ఈ అధ్యయనాలలో చికిత్స మొదలయ్యేసరికి మొదటి మూడు నెలలు గడిచిపోయాయనే విమర్శ ఉన్నది.

ముందు జాగ్రత్తగా మాత్ర ఇస్తే?

ప్రతిరక్షకాలు ఉండి, హార్మోను స్థాయి సరిగానే ఉన్న స్త్రీలకు లీవోథైరాక్సిన్ మాత్ర ఇస్తే గర్భస్రావాలు తగ్గుతాయా అన్నది ఈ రంగంలో ఎక్కువ చర్చ జరిగిన ప్రశ్న. లీవోథైరాక్సిన్ అంటే శరీరంలో తయారయ్యే థైరాక్సిన్‌తో సమానమైన కృత్రిమ హార్మోను.

2006లో ఇటలీలో రొబెర్టో నెగ్రో బృందం చేసిన అధ్యయనం గొప్ప ఆశ కలిగించింది. మాత్ర తీసుకున్నవారిలో గర్భస్రావాలు 3.5 శాతం, తీసుకోనివారిలో 13.8 శాతం. కాని ఒక్కొక్క వర్గంలో అరవై మందికి మించి లేరు. ఇంత చిన్న సంఖ్యలలో ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయినా శాతాలు మారిపోతాయి. అయినా ఈ ఫలితం తరువాత చాలాచోట్ల ముందు జాగ్రత్తగా మాత్ర ఇవ్వటం అలవాటైంది.

ఆ తరువాత పెద్ద అధ్యయనాలు వచ్చాయి. 2017లో చైనాలో పరీక్షనాళిక పద్ధతిలో గర్భం కోసం ప్రయత్నిస్తున్న 600 మంది స్త్రీలలో గర్భస్రావాలు మాత్ర తీసుకున్నవారిలో 10.3 శాతం, తీసుకోనివారిలో 10.6 శాతం. 2019లో బ్రిటన్‌లో 952 మందికి గర్భం రాక మునుపు నుండే 50 మైక్రోగ్రాముల లీవోథైరాక్సిన్ గాని, మందు లేని ఉత్తుత్తి మాత్ర గాని ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ, వైద్యులకూ తెలియకుండా జాగ్రత్తపడ్డారు. 34 వారాలు దాటి సజీవంగా బిడ్డను కన్నవారు మందు వర్గంలో 37.4 శాతం, ఉత్తుత్తి మాత్ర వర్గంలో 37.9 శాతం. 2022లో పదేపదే గర్భస్రావమైన 187 మందిపై ఐరోపాలో వెలువడిన అధ్యయనంలోనూ ఈ శాతాలు 50, 48గా, దాదాపు సమానంగా వచ్చాయి.

కనుక టి.ఎస్.హెచ్. సక్రమంగా ఉన్న స్త్రీకి, కేవలం ప్రతిరక్షకాలు ఉన్నాయన్న కారణంగా ఇచ్చే మాత్ర గర్భస్రావాన్ని ఆపుతుందనటానికి నేడు ఆధారం లేదు. మాత్ర గ్రంథికి లోటైన హార్మోనును పూడుస్తుందే కాని ప్రతిరక్షకాలను తొలగించదు. లోటే లేనపుడు పూడ్చవలసినదీ ఉండదు.

గ్రేవ్స్ వ్యాధి, గర్భిణి

ఐరిష్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో వర్ణించిన ఈ వ్యాధిలో థైరాయిడ్ అతిగా పనిచేస్తుంది. గుండెదడ, చేతుల వణుకు, ఆకలి ఉన్నా బరువు తగ్గటం, చెమటలు, కొందరిలో కనుగ్రుడ్లు ముందుకు పొడుచుకు రావటం దీని లక్షణాలు. గర్భధారణలో చికిత్స లేకపోతే తల్లికి రక్తపోటు, గుండె వైఫల్యం, బిడ్డకు ఎదుగుదల లోపం, నెలలు నిండని కాన్పు కలుగవచ్చు.

టి.ఎస్.హెచ్. గ్రాహక ప్రతిరక్షకాలు మాయను దాటి బిడ్డ థైరాయిడ్‌ను కూడా ప్రేరేపించగలవు. గ్రేవ్స్ వ్యాధి ఉన్న తల్లుల శిశువులలో సుమారు 1 నుండి 5 శాతం మందికి ఇటువంటి బాధ కలుగుతుంది. తల్లికి గతంలో శస్త్రచికిత్స చేసి గ్రంథిని తొలగించినా, అణుధార్మిక అయోడిన్ ఇచ్చినా, ఆమె రక్తంలో ఈ ప్రతిరక్షకాలు ఏళ్ళ తరబడి మిగిలి ఉండవచ్చు. "నా థైరాయిడ్ ఎప్పుడో తీసివేశారు" అని ఆమె ఈ సంగతి వైద్యునికి చెప్పకపోతే బిడ్డకు గల ముప్పు గుర్తింపునకు రాదు. అందువలన ఇటువంటివారికి గర్భం తొలి దశలోనే ఈ ప్రతిరక్షకాలను కొలుస్తారు. అవి ఎక్కువగా ఉంటే 18–22 వారాల మధ్య, తిరిగి 30–34 వారాల మధ్య పరీక్షిస్తారు. పుట్టిన బిడ్డలో ఈ బాధ తల్లి నుండి వచ్చిన ప్రతిరక్షకాలు హరించేవరకే, అంటే కొన్ని వారాల నుండి కొన్ని నెలల వరకే ఉంటుంది.

కార్బిమజోల్, మెథిమజోల్ మందులు తొలి వారాలలో వాడితే బిడ్డకు అవయవ లోపాలు కలిగే అవకాశం కొంత ఉన్నది. మందు తప్పనిసరైతే మొదటి మూడు నెలలలో ప్రొపైల్‌థయోయురాసిల్‌ను ఎంచుకుంటారు. అరుదుగా కాలేయానికి తీవ్రహాని చేసే గుణం దానికీ ఉన్నది. అణుధార్మిక అయోడిన్ గర్భిణులకు పూర్తిగా నిషిద్ధం. ఆ చికిత్స పొందినవారు కనీసం ఆరు నెలల వరకు గర్భం ధరించకూడదు.

ప్రసవానంతర థైరాయిడ్ వాపు

ప్రసవం జరిగిన ఏడాదిలోపు థైరాయిడ్‌కు వచ్చే స్వయంప్రతిరక్షక వాపు ఇది. మొత్తం బాలింతలలో సుమారు 5 శాతం మందికి వస్తుంది. గర్భం తొలినాళ్ళలో టి.పి.ఓ. ప్రతిరక్షకాలు ఉన్నవారిలో దాదాపు సగం మందికి రావచ్చు. ఒకటవ రకం మధుమేహం ఉన్నవారిలో కూడా ఎక్కువ.

పూర్తి రూపంలో ఇది రెండు దశలలో నడుస్తుంది. మొదటి దశ సాధారణంగా ప్రసవమైన 2–6 నెలల మధ్య వస్తుంది. వాచిన గ్రంథి నుండి నిలువ ఉన్న హార్మోను ఒక్కసారిగా రక్తంలోకి కారటం వలన గుండెదడ, చిరాకు, నిద్రలేమి కలుగుతాయి. ఇక్కడ హార్మోను తయారీ పెరగలేదు కనుక గ్రేవ్స్ వ్యాధికి వాడే మందులు పనిచేయవు. దడ తగ్గటానికి మాత్రం ప్రొప్రనొలోల్ వంటి మందు ఇస్తారు. 3–12 నెలల మధ్య వచ్చే రెండవ దశలో హార్మోను లోపించి నీరసం, మలబద్ధకం, చర్మం పొడిబారటం, మతిమరపు, దిగులు కలుగుతాయి. కొందరిలో ఏదో ఒక దశ మాత్రమే కనబడుతుంది. చాలామందికి ఏడాదిలోపు గ్రంథి కోలుకుంటుంది. కొందరిలో లోపం శాశ్వతమవుతుంది. కోలుకున్నవారికి కూడా ఏటా టి.ఎస్.హెచ్. పరీక్ష అవసరం.

ఈ వ్యాధి లక్షణాలు పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంట్లోనూ కనిపించేవే. రాత్రుళ్ళు నిద్ర లేకపోవటం, పాలివ్వటం వలన కలిగే అలసట అని అందరూ సరిపెట్టుకుంటారు. "బాలింత నీరసం" అని పెద్దవాళ్ళు, "సోమరితనం" అని మరికొందరు అంటారు. బాలింతకు నెలల తరబడి తగ్గని నీరసం, దిగులు, దడ ఉన్నపుడు ఒక చిన్న రక్తపరీక్ష అసలు సంగతి తేలుస్తుంది. మానసిక కుంగుబాటు ఉన్న బాలింతలకు కూడా థైరాయిడ్ పరీక్ష చేయాలని వైద్య సంఘాలు సూచిస్తున్నాయి.

పరీక్షలు

మొదట చేయవలసిన పరీక్ష టి.ఎస్.హెచ్. అది తేడాగా ఉంటే థైరాక్సిన్, టి.పి.ఓ. ప్రతిరక్షకాలు చూస్తారు. గర్భధారణలో టి.ఎస్.హెచ్. సాధారణ పరిధి మారుతుంది కనుక గర్భిణులకు ప్రత్యేకమైన పరిధితో పోల్చాలి. గతంలో మొదటి మూడు నెలలకు 2.5ను పై హద్దుగా తీసుకునేవారు. ఈ హద్దు ప్రకారం ఎంతోమంది ఆరోగ్యవంతులు కూడా రోగులుగా లెక్కకు వచ్చారు. 2017లో అమెరికన్ థైరాయిడ్ సంఘం, స్థానిక జనాభాకు తగిన పరిధి లేనపుడు సుమారు 4ను పై హద్దుగా తీసుకోవచ్చునని సవరించింది.

గర్భిణులందరికీ పరీక్ష చేయాలా, ముప్పు ఎక్కువ ఉన్నవారికే చేయాలా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. భారత ప్రభుత్వ ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2014లో వెలువరించిన మార్గదర్శకాలు ముప్పు ఎక్కువ ఉన్న గర్భిణులకు పరీక్ష చేయాలని సూచించాయి. గతంలో థైరాయిడ్ వ్యాధి, కుటుంబంలో ఆ వ్యాధి, మెడ వాపు, ఒకటవ రకం మధుమేహం, పదేపదే గర్భస్రావాలు, నెలలు నిండని కాన్పు, సంతానలేమి ముప్పును సూచించే అంశాలలో ముఖ్యమైనవి.

ప్రతిరక్షకాలు ఉన్నాయని తెలిసి, టి.ఎస్.హెచ్. సక్రమంగా ఉన్న గర్భిణికి, గర్భం సగానికి వచ్చేవరకు సుమారు నాలుగు వారాలకొకసారి, ఆపై 30వ వారం ప్రాంతంలో ఒకసారి టి.ఎస్.హెచ్. చూస్తే సరిపోతుంది. ప్రతిరక్షకాల అంకెను మళ్ళీ మళ్ళీ కొలవటం వలన ప్రయోజనం లేదు. అంకె వందలలో ఉన్నా వేలలో ఉన్నా చికిత్సను నిర్ణయించేది టి.ఎస్.హెచ్., థైరాక్సిన్‌లే.

చికిత్స

హార్మోను లోపం స్పష్టంగా ఉంటే లీవోథైరాక్సిన్ తప్పనిసరి. టి.ఎస్.హెచ్. గర్భిణుల పై హద్దును దాటి, ప్రతిరక్షకాలు కూడా ఉన్నవారికి 2017 మార్గదర్శకాలు ఈ మాత్రను సిఫారసు చేస్తాయి. 2.5కు, పై హద్దుకు మధ్య ఉన్నవారి విషయంలో నిర్ణయం వైద్యుని విచక్షణకు వదిలాయి.

గర్భానికి ముందు నుండే ఈ మాత్ర వాడుతున్నవారికి గర్భం రాగానే మోతాదు పెంచవలసి ఉంటుంది. ఈ అవసరం అయిదవ వారం నుండే మొదలవుతుందని 2004లో అమెరికాలో ఎరిక్ అలెగ్జాండర్ బృందం చూపించింది. నెల తప్పిన సంగతి తెలియగానే వైద్యుని సంప్రదించాలి. సాధారణంగా 20–30 శాతం పెంచుతారు. ప్రసవం తరువాత తిరిగి పాత మోతాదుకు తగ్గించి, ఆరు వారాలకు పరీక్షిస్తారు.

మాత్ర వేసుకొనే పద్ధతి కూడా ముఖ్యం.

* ఉదయం పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోవాలి. కాఫీ, టీ, ఫలహారం అరగంట నుండి గంట తరువాత తీసుకోవాలి.
* మన దేశంలో గర్భిణులకు ఇచ్చే ఇనుము, కాల్షియం మాత్రలు లీవోథైరాక్సిన్‌ను పేగులలో శరీరానికి అందకుండా చేస్తాయి. రెండింటి మధ్య కనీసం నాలుగు గంటల వ్యవధి ఉండాలి. మాత్రలన్నీ ఒకేసారి మింగే అలవాటు వలన, మందు వాడుతున్నా టి.ఎస్.హెచ్. తగ్గని సందర్భాలు ఉంటాయి.
* టి.ఎస్.హెచ్. సరైన స్థాయికి వచ్చిందని మాత్రను సొంతంగా మానకూడదు. అది సరైన స్థాయికి వచ్చింది మాత్ర వలననే.

అయోడిన్, భారతదేశం

గర్భిణికి, పాలిచ్చే తల్లికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. అయోడిన్ కొరత ఉంటే తల్లికి గళగండం, బిడ్డకు మెదడు లోపం కలుగుతాయి. హిమాలయ ప్రాంతంలోని కాంగ్రా లోయలో 1956లో ప్రారంభమై, వి. రామలింగస్వామి బృందం నడిపిన ప్రయోగం అయోడిన్ కలిపిన ఉప్పుతో గళగండాన్ని తగ్గించవచ్చునని నిరూపించింది. దాని ఫలితంగా 1962లో జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1992లో దాని పేరు మారింది. అయోడిన్ లేని ఉప్పును తినటానికి అమ్మటంపై నిషేధం 2006 నుండి దేశమంతటా తిరిగి అమలులోకి వచ్చింది.

అయోడిన్ కొరత తీరిన ప్రాంతాలలో థైరాయిడ్ ప్రతిరక్షకాలు కొంత పెరగటం పలు దేశాలలో గమనించారు. 2016లో భారతదేశంలోని వివిధ నగరాలలో మొదటి మూడు నెలల గర్భిణులపై వెలువడిన అధ్యయనంలో దాదాపు ఐదుగురిలో ఒకరికి టి.పి.ఓ. ప్రతిరక్షకాలు ఉన్నాయి. అయినా అయోడిన్ కొరత వలన బిడ్డకు జరిగే నష్టం దీనితో పోల్చలేనంత పెద్దది. కాబట్టి ప్రతిరక్షకాలు ఉన్న గర్భిణి కూడా అయోడిన్ ఉప్పునే వాడాలి. మోతాదు మించిన అయోడిన్ మాత్రలు, సముద్రపు నాచు పొడులు మాత్రం మంచివి కావు.

సాధారణ అపోహలు

* "ప్రతిరక్షకాలు ఉంటే బిడ్డకూ థైరాయిడ్ జబ్బు వస్తుంది." టి.పి.ఓ. ప్రతిరక్షకాలు మాయను దాటినా సాధారణంగా బిడ్డ గ్రంథికి హాని చేయవు. పైన చెప్పినట్లు, జాగ్రత్త అవసరమైనవి టి.ఎస్.హెచ్. గ్రాహక ప్రతిరక్షకాలు.
* "థైరాయిడ్ మాత్ర వేడి చేసి గర్భం పోతుంది." ఇది శరీరంలో సహజంగా ఉండే హార్మోనే. సరైన మోతాదులో తల్లికీ, బిడ్డకూ క్షేమకరం. హాని చేసేది దానిని మానటం.
* "ఈ మాత్ర వాడుతూ పాలివ్వకూడదు." నిరభ్యంతరంగా పాలివ్వవచ్చు.
* "క్యాబేజీ, కాలీఫ్లవర్ మానివేస్తే ప్రతిరక్షకాలు పోతాయి." పోవు. వండిన ఈ కూరలను మామూలుగా తినవచ్చు.
* "గర్భం పోవటానికి కారణం ఆమె థైరాయిడే." చాలా గర్భస్రావాలకు కారణం పిండంలోని క్రోమోజోముల లోపాలు. ఒక రక్తపరీక్ష కాగితాన్ని చూపించి స్త్రీని తప్పుపట్టటానికి శాస్త్రంలో ఆధారం లేదు.

ఇవి కూడా చూడండి

* థైరాయిడ్ గ్రంథి
* గళగండం
* గర్భస్రావం
* రోగనిరోధక వ్యవస్థ
* అయోడిన్